అరికాలి మచ్చ: గట్టు మీదా, సాలులోనా?

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే క్యాన్సర్ వైద్యులకు అమినోప్టెరిన్ గుర్తుకొస్తుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన తయారైన ఆ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. రక్త క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చన్న ఆశ బలపడింది అక్కడే. ఆ తర్వాత రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

గోదావరి జిల్లాల పల్లెలకు ఆయన మరో దారిలో చేరారు. బోదకాలు తెచ్చిపెట్టే ఫైలేరియా మీద పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆయన ప్రయోగశాలలో పుట్టిందే. 1947లో హెట్రజాన్ పేరుతో లోకానికి తెలిసింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి కళ్ళముందే మింగించే బోదకాలు బిళ్ళ అదే. అది తమ జిల్లా మనిషి చేతి చలవ అని ఎరగకుండానే మింగినవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం కోసం క్యాన్సరూ పాదమూ కలిసే చోటును ఎంచుకోవడానికి ఇదే కారణం. విషయం: అరికాలి మీద, కాలి గోళ్ళ కింద పుట్టే నల్లమచ్చ క్యాన్సర్, దాన్ని మొదట్లోనే పట్టుకునే పద్ధతి.

అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే దూరప్రయాణ యోగం అంటారు మన ఇళ్ళలో. పిల్లవాడి పాదం తిప్పి చూసి మురిసిపోయే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఆ మురిపెం అలాగే ఉండనివ్వవచ్చు, ఎందుకంటే అరికాలి మచ్చల్లో అత్యధికం జీవితమంతా ఏ హానీ చేయనివే. చామనఛాయ, నలుపు ఒంటిరంగు ఉన్నవాళ్ళలో అరికాళ్ళ మీద గోధుమరంగు చుక్కలు, మరకలు చాలామందికి ఉంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. అంత మామూలుగా కనిపించే చోట, అదే రంగులో, నొప్పీ దురదా లేకుండా మెలనోమా అనే క్యాన్సర్ మొదలవుతుంది. వేల మచ్చల్లో ఆ ఒక్కదాన్ని వేరు చేయడం ఎలా? ప్రతి మచ్చనూ కోసి చూడలేం. ఏదీ చూడకుండా వదిలేయలేం.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చేది మెలనోమా. చర్మ క్యాన్సర్లలో ఇది అరుదైనదే కానీ త్వరగా ఒళ్ళంతా పాకే గుణం వల్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది ఇదే. దీని గురించి ప్రపంచానికి తెలిసిన సమాచారంలో ఎక్కువ భాగం తెల్లచర్మం వాళ్ళది. ఆస్ట్రేలియాలో ఎండ తీవ్రత వల్ల మెలనోమా విపరీతం. అందుకే అక్కడ 1981లో చొక్కా తొడుక్కోండి, లేపనం రాసుకోండి, టోపీ పెట్టుకోండి అన్న ప్రచారం మొదలైంది. ఆ దేశానికి అది సరైన మాటే. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట సగమే పనికొస్తుంది. నల్లచర్మంలో పుష్కలంగా ఉన్న మెలనిన్ ఎండ దెబ్బను చాలావరకు ఆపుతుంది. కనుక మన మెలనోమా ముఖం మీదా వీపు మీదా కాకుండా ఎండ సోకని అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద ఎక్కువగా తలెత్తుతుంది. 1976లో రిచర్డ్ రీడ్ అనే అమెరికన్ వైద్యుడు దీన్ని ప్రత్యేక రకంగా గుర్తించి పేరు పెట్టేదాకా, దీన్ని వేరుగా చూడాలన్న ఆలోచనే స్థిరపడలేదు.

అమెరికా క్యాన్సర్ నమోదు పుస్తకాలను 1986 నుంచి 2005 దాకా గాలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం కళ్ళు తెరిపిస్తుంది. ఈ రకం మెలనోమా ఏడాదికి పది లక్షల మందిలో 1.8 మందికి వస్తోందని తేలింది. నల్లజాతి వారిలోనూ తెల్లజాతి వారిలోనూ ఆ రేటు దాదాపు సమానం. తేడా అల్లా మొత్తం మెలనోమాల్లో దీని వాటాలో ఉంది. తెల్లవారిలో 1 శాతం, ఆసియా మూలాలవారిలో 18 శాతం, నల్లజాతి వారిలో 36 శాతం. జపాన్‌లో అయితే మెలనోమాల్లో సుమారు సగం పాదాలు, చేతులు, గోళ్ళకు సంబంధించినవే. భారతదేశపు ఆసుపత్రుల్లో చర్మవైద్యులు చూసే మెలనోమాల్లోనూ పాదానిదే పెద్ద వాటా. అంటే నల్లచర్మం వాళ్ళకు ఈ రకం ఎక్కువగా వస్తుందని కాదు. వాళ్ళకు వచ్చే కొద్ది మెలనోమాల్లో ముందు వెతకవలసిన చోటు పాదం.

అదే అధ్యయనంలో మనసు కలచివేసే అంకె ఇంకొకటి ఉంది. చర్మ మెలనోమా వచ్చిన వాళ్ళందరినీ కలిపి చూస్తే పదేళ్ళ తర్వాత ఆ జబ్బుకు బలి కాకుండా మిగిలినవారు 87.5 శాతం. అరికాలు, అరచేయి, గోళ్ళ రకంలో 67.5 శాతమే. ఈ రకానికి సహజంగా కొంత మొండితనం ఉంది. దానికి మించి, ఆలస్యం ఉంది.

ఆలస్యం ఎలా జరుగుతుందో చెప్పడానికి ప్రపంచమంతా ఎరిగిన ఒక పాదం ఉంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 1977లో ఆయన కుడికాలి బొటనవేలికి ఆటలో దెబ్బ తగిలింది, ఆ పుండు మానలేదు. ఆట దెబ్బే కదా అనుకున్నారు. చివరికి పరీక్ష చేస్తే గోరు కింద మెలనోమా అని తేలింది. వేలు తీసేయాలన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. గోరునూ దాని కింది కండనూ తొలగించి, తొడ నుంచి తీసిన చర్మం అతికారు. మూడేళ్ళు పాటలూ పర్యటనలూ సాగాయి. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పరుగు తీస్తూ కుప్పకూలిపోయారు. క్యాన్సర్ అప్పటికే మెదడుకు పాకింది. ఆ నెల 23న పిట్స్‌బర్గ్‌లో పాడింది చివరి కచేరీ. 1981 మే 11న మయామిలో, 36 ఏళ్ళ వయసులో మరణించారు.

మార్లే కథను చాలామంది రెండు రకాలుగా తప్పుగా చెబుతారు. ఫుట్‌బాల్ దెబ్బ వల్ల క్యాన్సర్ వచ్చిందని ఒక మాట. దెబ్బ ఆ వేలి మీదకు చూపు మళ్ళించింది, అంతవరకే నిశ్చయంగా చెప్పగలం. వేలు తీయించుకుని ఉంటే తప్పక బతికేవారని రెండో మాట. జబ్బు అప్పటికి ఎంత లోతుకు దిగిందో దాన్ని బట్టి ఉంటుంది ఆ సంగతి. మన పనికొచ్చే పాఠం వేరే ఉంది. లోకమంతా గుర్తుపట్టే మనిషికి, మంచి వైద్యులు అందుబాటులో ఉన్న మనిషికి కూడా కాలివేలి పుండు ముందుగా ఆట దెబ్బలాగే కనిపించింది. మరి చేనులో నాట్లు వేసి, బురద కాళ్ళు కడుక్కుని పడుకునే మనిషి దాన్ని ముల్లు గుచ్చుకున్న పోటు అనుకోవడంలో వింత ఏముంది?

లోతు మాట వచ్చింది కనుక అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టును తలచుకోవాలి. 1970లో ఆయన 98 మంది రోగుల మెలనోమాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, చర్మంలోకి గడ్డ ఎంత మందాన దిగిందో మిల్లీమీటర్లలో కొలిచారు. 0.76 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టలేదు, పాకలేదు. ఆ కొలతే నేటికీ ప్రపంచమంతా చికిత్సను నిర్ణయించే కొలత. ఒక మిల్లీమీటరు లోపు, రెండు లోపు, నాలుగు లోపు, నాలుగుకు మించి అని దశలు కట్టింది దాన్ని బట్టే. పై పొరలోనే ఉన్నప్పుడు కోసి తీసేస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. అరికాలి చర్మం పై పొర ఒంట్లో అన్నిటికన్నా మందం. ఆ మందం గడ్డను చాలాకాలం దాచగలదు. బయటికి మామూలు మరకలా ఉంటూనే లోపలికి దిగిపోతుంది.

ఇక అసలు విద్యకు వద్దాం. అరికాలిని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే దున్నిన చేనులా సన్నని గట్లు, వాటి మధ్య సాళ్ళు సమాంతరంగా సాగిపోతుంటాయి. వేలిముద్రల్లో ఉండేవీ ఇవే. అరికాల్లో వెంట్రుకలు లేవు, నూనె గ్రంథులు లేవు, చెమట గ్రంథులు మాత్రం దట్టంగా ఉన్నాయి. ఆ చెమట రంధ్రాలు గట్ల నడినెత్తిన వరుసగా తెరుచుకుంటాయి. మామూలు కంటికి ఇవి లీలగా కనిపిస్తాయి. డెర్మోస్కోప్ అనే చేతి పరికరం వీటిని సుమారు పది రెట్లు పెద్దవి చేసి, చర్మం పై మెరుపును తప్పించి, లోపలి రంగును చూపిస్తుంది. జేబులో పట్టే ఆ పరికరంతో జపాన్ వైద్యులు కనిపెట్టిన ఒక్క నిజం అరికాలి మచ్చల వైద్యాన్నే మార్చేసింది.

మత్సుమోతో పట్టణంలోని షిన్షూ విశ్వవిద్యాలయంలో తోషియాకి సైదా, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి అరికాలి మచ్చలను పరిశీలించి 1998లో ఒక సంగతి రాశారు. హానిలేని పుట్టుమచ్చలో రంగు సాళ్ళ వెంట సన్నని గీతలుగా ఉంటుంది. తొలి మెలనోమాలో రంగు గట్ల మీద వెడల్పు పట్టీలుగా పరుచుకుంటుంది, సాళ్ళు తెల్లగా మిగులుతాయి. గట్టు మీది రంగు పట్టీ మధ్యలో చెమట రంధ్రాల తెల్లని చుక్కలు కూడా కనిపిస్తాయి. అంతే తేడా. చిన్నపిల్లలకు కూడా చూపి చెప్పగల తేడా.

ఎందుకిలా? అరికాలి చర్మం అడుగున కూడా ఎత్తుపల్లాలుంటాయి. పై సాలు కింద ఒక మడత, పై గట్టు కింద మరో మడత లోపలికి దిగుతాయి. గట్టు కింది మడత గుండానే చెమట నాళం పైకి వస్తుంది. పుట్టుమచ్చ కణాలు ఎక్కువగా సాలు కింది మడతలో గూడు కట్టుకుంటాయి. మెలనోమా కణాలు గట్టు కింది మడతలో, చెమట నాళం చుట్టూ పెరుగుతాయి. చెమట గ్రంథుల లోతుల్లో రంగు కణాల మూలకణాలు దాగి ఉంటాయని జపాన్ శాస్త్రవేత్తలే 2014లో చూపించారు. ఈ క్యాన్సర్ అక్కడినుంచే బయలుదేరుతుందన్న అనుమానానికి అది బలమిచ్చింది. ఎండ మీద పెట్టిన నిందను దాదాపుగా కొట్టేసిన పరిశోధన కూడా ఒకటుంది. 2000లో కాలిఫోర్నియాలో బోరిస్ బాస్టియన్ బృందం, అరికాలి మెలనోమా కణాల్లో కొన్ని జన్యువులు మొదట్లోనే పదే పదే నకళ్ళు అవుతున్నాయని గమనించింది. ఎండ వల్ల వచ్చే మెలనోమాల నడక వేరు, దీని నడక వేరు. బరువు ఎక్కువగా మోసే మడమ, ముందు పాదంలోనే ఇవి ఎక్కువని, వంపు భాగంలో తక్కువని 2016లో షిన్షూ నుంచే మరో పరిశీలన వచ్చింది. నిత్యం ఒత్తిడీ రాపిడీ పడే చోటికీ ఈ జబ్బుకూ సంబంధం ఏమిటన్న ప్రశ్న మీద ఇంకా పని జరుగుతోంది.

గట్టు, సాలు అన్న సూత్రం ఎంత నమ్మదగినదో తేల్చింది 2004 నాటి లెక్క. జపాన్‌లో 712 మచ్చలు తీసుకున్నారు. 103 మెలనోమాలు, 609 పుట్టుమచ్చలు. మెలనోమాల్లో 86.4 శాతం గట్ల మీది రంగు చూపించాయి. పుట్టుమచ్చల్లో 99 శాతం అది చూపించలేదు. ఇంకా లోపలికి దిగని, చర్మం పై పొరకే పరిమితమైన తొలి దశలోనూ ఆ గుర్తు దాదాపు అంతే స్థాయిలో కనిపించింది. లోతు తెలిసే ముందే, గడ్డ కట్టక ముందే, నెత్తురు రాక ముందే పసిగట్టగల గుర్తు చర్మ క్యాన్సర్ వైద్యంలో ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. ఈ మాట అత్యుక్తి అనిపిస్తే ఆ అంకెలు మరోసారి చూడండి.

సైదా దీన్నే మూడు మెట్ల పద్ధతిగా చెప్పారు. గట్ల మీద రంగు కనిపిస్తే, పరిమాణం ఎంతైనా, బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేయాలి. పుట్టుమచ్చకు సహజమైన సాలు గీతల నమూనా మచ్చంతా సమంగా ఉంటే వదిలేయవచ్చు. రెండూ కాకుండా అయోమయంగా ఉంటే మచ్చ అడ్డకొలత చూడాలి. 7 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ, లోపైతే మూడు నుంచి ఆరు నెలలకోసారి తిరిగి చూడడం. గట్లేవో సాళ్ళేవో తెలియకపోతే జపాన్ వైద్యులు చేసే చిట్కా కూడా చక్కగా ఉంటుంది. మచ్చ మీద సిరా పూసి తుడిచేస్తారు. గట్ల మీది సిరా పోయి సాళ్ళలోది మిగిలిపోతుంది. రంగు ఆ గీతలతో కలిసిందా, వాటి మధ్య పడిందా అన్నది అప్పుడు ఇట్టే తెలుస్తుంది.

అయితే ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పేయరాదు. అరికాల్లో బరువు ఒకవైపు పడినప్పుడు సాలు గీతలు ఏటవాలుగా సాగి, కొత్తవాళ్ళ కళ్ళను మోసగిస్తాయి. పరుగులు, ఆటల వల్ల మడమ పై పొరల్లో నెత్తురు గడ్డకట్టి గట్ల మీద నల్లగా కనిపించవచ్చు. వైద్యుడు పైపొరను సున్నితంగా గీకితే అది రాలిపోతుంది. కొన్ని క్యాన్సర్ మందుల వల్ల, కొన్ని వంశపారంపర్య జబ్బుల వల్ల కూడా అరికాళ్ళలో గట్ల వెంట రంగు చేరుతుంది, కానీ అప్పుడు మచ్చలు రెండు పాదాల్లో అనేకం ఉంటాయి. చర్మంలోకి ఇంకే బయటి రంగులూ గట్లకే అంటుకుంటాయి. కనుక పెళ్ళి పారాణి, గోరింటాకు, దుకాణాల్లో దొరికే నల్లమెహందీ ఉన్న పాదాన్ని పరీక్షకు చూపించేటప్పుడు ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి, వీలైతే రంగు పోయాక వెళ్ళాలి. రంగు పోవడానికి ఎదురుచూస్తూ నెలలు గడిపేయమని కాదు.

గోళ్ళ సంగతి వేరు. లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ 1886లోనే దీన్ని నల్ల గోరుచుట్టు అని వర్ణించారు. గోటి కింది నలుపు గోరు అంచు దాటి పక్క చర్మంలోకి పాకితే అది మెలనోమా కావచ్చని ఆయన చూపిన గుర్తు 140 ఏళ్ళ తర్వాత కూడా విద్యార్థులు నేర్చుకునేదే. నల్లచర్మం వాళ్ళలో చాలామందికి పలు గోళ్ళ మీద నిలువు నల్లచారలు సహజంగా వస్తాయి. అవి భయపడవలసినవి కావు. నడివయసు దాటాక ఒక్క గోటికే, ముఖ్యంగా కాలి బొటనవేలికో చేతి బొటనవేలికో కొత్తగా చార వచ్చి, 3 మిల్లీమీటర్లకు మించి వెడల్పై, మొదట్లో వెడల్పుగా చివర సన్నగా ఉంటే, రంగు చెదిరితే, గోరు చీలితే ఆగకూడదు. దెబ్బ తగిలిన నెత్తురు మరకైతే గోరు పెరిగే కొద్దీ ముందుకు జరుగుతుంది, దాని వెనక తేటగోరు వస్తుంది. కాలిగోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. నెలకోసారి ఫోటో తీస్తే మరక కదులుతోందా, అక్కడే ఉందా అన్నది తెలిసిపోతుంది.

ఇంతవరకు నలుపు గురించి చెప్పుకున్నాం. పాదం మీది మెలనోమాల్లో కొన్నిటికి రంగే ఉండదు. గులాబీ రంగు కండలా, ఊరే పుండులా, ఉలిపిరికాయలా ఉంటాయి. వీటినే ఆనికాయ అని బ్లేడుతో చెక్కుతారు, మందు పట్టీ అంటిస్తారు, సున్నం పెడతారు, ఊరి వైద్యుడు కాలుస్తాడు. మధుమేహం ఉన్నవాళ్ళకైతే చక్కెర పుండని నెలల తరబడి కట్టు కడతారు. తప్పు ఒక్కరిది కాదు. పాదం మీద మానని పుండుకు నూటికి తొంభైపాళ్ళు ఆ మామూలు కారణాలే ఉంటాయి, కనుక మిగతా కారణం ఎవరి మనసుకూ తట్టదు. అందుకే 2010లో బ్రిటన్ పాదవైద్యుడు ఇవాన్ బ్రిస్టో, ఆయన సహచరులు సులువైన సూచనలు కూర్చారు. చర్మం రంగుకు భిన్నమైన మచ్చ, ఏమిటో నిశ్చయం కాని పుండు, నెత్తురు లేక చీము ఊరడం, వైద్యం చేస్తున్నా పెరగడం, రెండు నెలలు దాటినా మానకపోవడం. వీటిలో ఏ రెండు ఉన్నా నిపుణుడికి చూపించాలి. చర్మం మీది మచ్చలకోసం న్యూయార్క్ వైద్యులు 1985లో చేసిన ప్రసిద్ధ సూత్రాల కన్నా పాదానికి ఇవే ఎక్కువగా అక్కరకొస్తాయి.

బయాప్సీ అనగానే మన ఇళ్ళలో ఒక మాట లేస్తుంది. కత్తి పెడితే పాకుతుంది అంటారు. ఈ భయం ఎంతమంది పాదాలను ఆలస్యం చేసిందో లెక్కకు అందదు. పద్ధతి ప్రకారం ముక్క తీసి పరీక్షించడం వల్ల మెలనోమా ఎక్కువ పాకదు, ఆయుష్షు తగ్గదు. ఈ నమ్మకం పుట్టడానికి కారణం లేకపోలేదు. మన దగ్గర చాలామంది కత్తి దాకా వచ్చేసరికి జబ్బు ఎప్పుడో పాకిపోయి ఉంటుంది. కోత తర్వాత రోగి పోతే నింద కోత మీద పడుతుంది. ప్రమాదమంతా మరో రకం కత్తిలో ఉంది. ఏమిటో తెలియకుండా ఇంట్లో చెక్కడం, మంగలి చేత కోయించడం, తీసిన ముక్కను పరీక్షకు పంపకుండా పారేయడం. పాదం మీద నుంచి ఏది కోసి తీసినా ఆ ముక్క పాథాలజిస్టు బల్ల మీదికి చేరాలి.

చికిత్స గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. పై పొరలోనే ఉంటే చుట్టూ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా మంచి చర్మంతో కలిపి తీస్తారు. లోతు పెరిగే కొద్దీ ఆ అంచు రెండు సెంటీమీటర్ల దాకా పోతుంది, గజ్జల్లోని బిళ్ళలను పరీక్షించవలసి వస్తుంది. ఒళ్ళంతా పాకితే వాడే రోగనిరోధక మందులు గొప్పవే, వాటికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. కానీ అరికాలి రకం వాటికి ఎండ రకం అంతగా లొంగదు. ఆ మందుల ఖర్చు మామూలు కుటుంబం మోయగలిగింది కాదు. మొదట్లో దొరికితే స్థానికంగా మత్తిచ్చి చేసే చిన్న కోతతో తీరిపోయే జబ్బు, ఆలస్యమైతే వేలు, పాదం, ఆ పైన ఇల్లు కూడా అడుగుతుంది.

అయితే ఎవరు చూడాలి? అరికాలు ఎవరికి వారు చూసుకోవడం కష్టమైన చోటు. గుడిలో, ఇంట్లో, పొలంలో చెప్పులు విప్పే నడుస్తాం, అయినా అరికాలిని తిప్పి చూసేది ముల్లు దిగినప్పుడే. నడుం వంగని వృద్ధులకు అదీ కుదరదు. జనమందరికీ చర్మ క్యాన్సర్ పరీక్షలు పెట్టడం ఇంత అరుదైన జబ్బుకు తగిన పని కాదు, అలా అడిగితే ఎవరూ వినకపోవడమే న్యాయం. ఈ ఉపన్యాసం అడిగేది అంతకన్నా చిన్నది.

తెలుగు నేల మీద పాదాలను పట్టి చూసే అలవాటు ఆరోగ్య వ్యవస్థకు ఇప్పటికే ఉంది. కుష్ఠు వైద్యాలయాల్లో స్పర్శ పోయిన అరికాళ్ళను రోజూ చూసుకోమని రోగులకు నేర్పుతూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి మానని అలాంటి పుళ్ళలో మరో రకం చర్మ క్యాన్సర్ పుట్టడం కూడా వైద్యులు ఎరిగిందే. బోదకాలు ఉన్నవాళ్ళకు పాదం కడిగి, వేళ్ళ సందులు తుడిచి, పుండు పడకుండా చూసుకోవడం ఆరోగ్య కార్యకర్తలు దగ్గరుండి చూపిస్తారు. మధుమేహుల సంఖ్య దేశంలో 10 కోట్లు దాటిందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే చెప్పింది. వాళ్ళ పాదాలను కనీసం ఏడాదికోసారి పరీక్షించాలన్నది ప్రతి వైద్యుడూ ఒప్పుకునే నియమం. మూడు జబ్బులు, మూడు కార్యక్రమాలు, అన్నిటిలోనూ ఎవరో ఒకరు పాదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. ఆ చూపుకు ఇంకొక్క ప్రశ్న నేర్పితే చాలు. జిల్లా ఆసుపత్రి చర్మవైద్యుడి దగ్గర డెర్మోస్కోప్ ఉంటే, ఊరి నుంచి ఫోనులో వచ్చిన ఫోటో చూసి ఎవరిని పిలిపించాలో తేల్చవచ్చు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. అక్కడ ఒళ్ళంతా చర్మ పరీక్ష చేయించుకునేటప్పుడు మేజోళ్ళు కూడా విప్పండి, గోళ్ళ రంగు తుడిచి వెళ్ళండి, అరికాళ్ళూ వేళ్ళ సందులూ చూడమని మీరే అడగండి. ఎండ తగిలే చోటు వెతకడానికి అలవాటుపడ్డ కళ్ళకు మీ ఒంట్లో వెతకవలసిన చోటు మీరే చూపించాలి.

ఇక్కడి వైద్యాధికారులకు విన్నపం ఇది. కుష్ఠు, బోదకాలు, మధుమేహ పాద పరీక్షల పట్టికల్లో ఒక్క గడి చేర్చండి. అరికాల్లోగానీ గోటి కిందగానీ నడివయసు తర్వాత వచ్చిన కొత్త మచ్చ, పెన్సిలు మందం దాటిన మచ్చ, రెండు నెలలకూ మానని పుండు ఉందా? ఉంటే చర్మవైద్యుడి దగ్గరికి పంపిన తేదీ ఎంత? ఆ గడి నింపే ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ గట్టు మీది రంగు, సాలులోని రంగు పక్కపక్కనే చూపే రెండు ఫోటోలు ఇవ్వండి.